క్వాంట్ ఫైనాన్స్: ఎక్కడ చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

గణితం, గణాంకాలు, ప్రోగ్రామింగ్‌లతో మార్కెట్ ధరలను, రిస్కును లెక్కగట్టే పనిని క్వాంట్ ఫైనాన్స్ అని, ఆ పని చేసేవారిని క్వాంట్లు అని అంటారు. గణితం మీద ఇష్టంతో ఫైనాన్స్ వైపు చూస్తున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఉద్యోగం మారాలనుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, వీసా నిబంధనలు తరచుగా మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే ముందు ఆయా సంస్థల అధికారిక సమాచారంతో తప్పక సరిచూసుకోండి.

చాలామంది ముందు ర్యాంకుల పట్టిక చూసి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని, సీటు వచ్చాక ఏ ఉద్యోగం దొరుకుతుందా అని వెతుకుతారు. ఈ రంగంలో ఆ వరుస నష్టం చేస్తుంది. ముందు ఎలాంటి పని చేయాలో, తర్వాత ఆ పని ఏ నగరంలో ఉందో, ఆ తర్వాతే ఆ నగరంలోని సంస్థలు ఏ కోర్సు నుంచి మనుషులను తీసుకుంటున్నాయో చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

## ఇంటర్, డిగ్రీ దశ

క్వాంట్ అంటే అందరూ చేసేది ఒకే పనా?

కాదు. కనీసం నాలుగు రకాల పనులను ఈ ఒక్క పేరుతో పిలుస్తున్నారు. పెద్ద బ్యాంకుల్లో డెరివేటివ్స్, అంటే షేరు వంటి మరో ఆస్తి ధరను బట్టి విలువ మారే ఒప్పందాలు, చూసే డెస్క్ పక్కన కూర్చునే క్వాంట్, క్లయింటు అడిగిన ఆప్షన్‌కు, అంటే నిర్ణీత ధరకు కొనే లేదా అమ్మే హక్కుకు, ఎంత ధర చెప్పాలో, అమ్మిన తర్వాత ఆ రిస్కును ఎలా హెడ్జ్ చేసి తగ్గించుకోవాలో లెక్కగట్టే మోడళ్లను తయారుచేస్తారు. ప్రాప్ ట్రేడింగ్ సంస్థలు సొంత సొమ్ముతో వ్యాపారం చేస్తాయి. వాటిలో చాలావరకు మార్కెట్ మేకింగ్ చేస్తాయి, అంటే కొనే ధర, అమ్మే ధర రెండూ నిరంతరం ప్రకటిస్తూ ఆ రెంటి మధ్య ఉన్న చిన్న తేడాను సంపాదిస్తాయి. హెడ్జ్ ఫండ్లలో పరిశోధకులు ఇతరులు అప్పగించిన సొమ్మును పెట్టుబడి పెట్టడానికి డేటాలో ధరల కదలికను సూచించే సంకేతాల కోసం వెతుకుతారు. నాలుగోది రిస్క్, మోడల్ వాలిడేషన్ పని. ఇతరులు తయారుచేసిన మోడల్ ఎక్కడ తప్పుతుందో పరీక్షించడం అక్కడి బాధ్యత. వీటన్నిటికీ కావలసిన వేగవంతమైన వ్యవస్థలను రాసే క్వాంట్ డెవలపర్లు వేరుగా ఉంటారు.

ఒకదానికి సరిపోయే స్వభావం మరొకదానికి సరిపోకపోవచ్చు. ఒక్క నిరూపణ మీద వారం రోజులు కూర్చోవడాన్ని ఆనందించే వ్యక్తి, సెకన్లలో నిర్ణయం తీసుకోవలసిన ట్రేడింగ్ డెస్క్‌లో ఉక్కిరిబిక్కిరి కావచ్చు.

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. ఐఐటీ రాకపోతే ఈ దారి మూసుకుపోయినట్లేనా?

ఐఐటీ సీటు వస్తే దారి సులువవుతుందన్నది నిజమే. మన దేశంలోని ప్రాప్ ట్రేడింగ్ సంస్థలు నేరుగా అక్కడి క్యాంపస్‌లకు వెళ్లి నియామకాలు చేసుకుంటాయి. అయితే గణితం లోతుగా నేర్పే చోట్లు వేరే ఉన్నాయి, వాటి పేరు మన కార్పొరేట్ కాలేజీల్లో అరుదుగా వినిపిస్తుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో బీ.స్టాట్, అదే సంస్థకు బెంగళూరులో ఉన్న కేంద్రంలో బీ.మ్యాథ్, చెన్నై శివారు సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపిన బీఎస్సీ ఆనర్స్ ఈ రంగానికి చక్కని పునాది వేస్తాయి. ఐఎస్‌ఐ తన బీ.స్టాట్, బీ.మ్యాథ్ విద్యార్థుల నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోదు సరికదా, స్టైపెండ్ కూడా ఇస్తూ వచ్చింది.

ఐఎస్‌ఐకి, తెలుగువారికి పాత బంధమే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు గారు ఆ తర్వాత కలకత్తాలోని ఐఎస్‌ఐకి వెళ్లారు. 1945లో ఆయన ప్రచురించిన ఫలితం, క్రామర్–రావు అసమానతగా, నేటికీ ప్రతి గణాంక శాస్త్ర విద్యార్థీ చదువుతున్నది.

ఈ సంస్థల ప్రవేశ పరీక్షలకు ఈఏపీసెట్ తరహా సాధన సరిపోదు. అక్కడ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలతో పాటు, జవాబు ఎందుకు నిజమో పూర్తిగా నిరూపించి రాయవలసిన ప్రశ్నలు కూడా ఉంటాయి. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే వారానికి రెండు మూడు లెక్కలను తొందర లేకుండా, నిరూపణతో సహా, తెల్లకాగితం మీద రాయడం అలవాటు చేసుకోండి.

బీటెక్‌లో సివిల్ వచ్చింది. మెకానికల్, సివిల్ వాళ్లను ఈ రంగంలోకి తీసుకుంటారా?

తీసుకుంటారు. డిగ్రీ మీద రాసి ఉన్న బ్రాంచి కంటే సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్‌లలో మీ పట్టునే చూస్తారు. మీ బ్రాంచిలో ఈ సబ్జెక్టులు లోతుగా ఉండవు గనుక, వాటిని నేర్చుకున్నట్లు చూపగల ఆధారం కావాలి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో సంభావ్యత, స్టోకాస్టిక్ ప్రాసెస్‌ల కోర్సులు చేసి, పరీక్షా కేంద్రానికి వెళ్లి పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకోవడం ఖర్చు తక్కువైన ఆధారం. గణిత శాఖ అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక ప్రాజెక్టు చేయగలిగితే సిఫారసు లేఖకు కూడా అది పనికివస్తుంది.

ఎంబీఏ ఫైనాన్స్, సీఏ, సీఎఫ్‌ఏ, ఎఫ్‌ఆర్‌ఎం: వీటిలో ఏది చేస్తే క్వాంట్ అవుతారు?

వీటిలో ఏ ఒక్కటీ నేరుగా క్వాంట్ పరిశోధకుడి ఉద్యోగానికి తీసుకువెళ్లదు. సీఏ, సీఎఫ్‌ఏ గౌరవప్రదమైన అర్హతలే అయినా అవి ఖాతాలు, కంపెనీల విలువ అంచనా, పెట్టుబడుల నిర్వహణ వైపు తీసుకువెళతాయి. రిస్క్ నిర్వహణ అర్హత అయిన ఎఫ్‌ఆర్‌ఎం మాత్రం బ్యాంకు రిస్క్ విభాగాలకు, మోడల్ వాలిడేషన్ ఉద్యోగాలకు కొంత ఉపయోగపడుతుంది. అది రెండు భాగాల పరీక్ష, ఉద్యోగం చేస్తూ రాయవచ్చు. గణితం బలంగా ఉన్నవారికి అది అదనపు బలమే కానీ, గణితం లేని లోటును పూడ్చదు.

## ఎక్కడ చదవాలి

దేశం ముందు నిర్ణయించుకోవాలా, కోర్సు ముందా?

నగరాన్ని నిర్ణయించుకోండి. ఈ వ్యాపారం ప్రపంచమంతా సమానంగా పరచుకుని లేదు, కొన్ని నగరాల్లో పేరుకుపోయింది. దానికి కారణాలు చరిత్రలో ఉన్నాయి. 1973లో చికాగోలో ఆప్షన్లకు ప్రత్యేక ఎక్స్‌ఛేంజి తెరుచుకున్న ఏడాదే బ్లాక్, షోల్స్ తమ ఆప్షన్ ధర సూత్రాన్ని ప్రచురించారు. అప్పటి నుంచి ఆ నగరం ఆప్షన్ల మార్కెట్ మేకింగ్‌కు కేంద్రంగా ఉంటోంది. ఆమ్‌స్టర్‌డామ్‌దీ అలాంటి కథే. మార్కెట్ మేకింగ్ సంస్థలైన ఆప్టివర్ 1986లో, ఐఎంసీ 1989లో అక్కడే పుట్టాయి. న్యూయార్క్‌లో పెద్ద బ్యాంకుల డెస్కులు, జేన్ స్ట్రీట్, టూ సిగ్మా, డీఈ షా వంటి సంస్థలు ఉన్నాయి. లండన్‌లో బ్యాంకులు, హెడ్జ్ ఫండ్లు రెండూ ఉన్నాయి. పారిస్ ఈక్విటీ డెరివేటివ్స్‌కు పేరుపొందింది. ఆసియాలో సింగపూర్, హాంకాంగ్ ముఖ్యం. మన దేశంలో ప్రాప్ ట్రేడింగ్ గురుగ్రామ్, ముంబయిల చుట్టూ, బ్యాంకుల రిస్క్, మోడలింగ్ కేంద్రాలు బెంగళూరు, ముంబయి, హైదరాబాద్‌లలో ఎక్కువగా ఉన్నాయి.

చదివే నగరంలోనే ఆ సంస్థలు ఉంటే అక్కడ పనిచేసేవారు సాయంత్రం వచ్చి పాఠం చెబుతారు, సెమినార్లకు వస్తారు, చదువు సాగుతుండగానే వారానికి కొన్ని గంటల ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి. పేరున్న విశ్వవిద్యాలయమే అయినా ఈ వ్యాపారానికి దూరంగా ఉన్న ఊళ్లో చదివే విద్యార్థి ప్రతి పరిచయాన్నీ ఈమెయిల్ ద్వారానే సంపాదించుకోవాలి.

అమెరికాలో ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ కోర్సులు బోలెడు ఉన్నాయి. దేన్ని నమ్మాలి?

పేరు ఒకటే అయినా క్వాంట్లను తయారుచేసే ఈ మాస్టర్స్ కోర్సుల మధ్య తేడా చాలా ఎక్కువ. 1994లో మొదలైన కార్నెగీ మెలన్ కోర్సును అక్కడి వ్యాపార, గణిత, గణాంక విభాగాలు కలిసి నడుపుతాయి. బర్కిలీ కోర్సు వ్యాపార పాఠశాల ఆధ్వర్యంలో ఏడాదిలో ముగుస్తుంది. ప్రిన్స్‌టన్‌ది చిన్న తరగతి, సాధారణంగా రెండేళ్ల చదువు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని కూరాంట్ ఇన్‌స్టిట్యూట్ కోర్సు గణిత శాఖలో భాగం. చెన్నైలో డిగ్రీ చదివి, ఐఎస్‌ఐలో పీహెచ్‌డీ చేసి, 2007లో ఏబెల్ బహుమతి అందుకున్న ఎస్.ఆర్.ఎస్. వరదన్ గారు పనిచేసిన సంస్థ అదే. బరూక్ కాలేజీ న్యూయార్క్ నగర ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి చెందినది. ఫీజు పేరున్న ప్రైవేటు కోర్సుల కంటే బాగా తక్కువ, తరగతి చిన్నది, విద్యార్థుల ఎంపిక కఠినం. మన విద్యార్థుల్లో చాలామందికి ఆ పేరే తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కోర్సును తూచడానికి దాని ప్లేస్‌మెంట్ నివేదికను జాగ్రత్తగా చదవండి. ఉద్యోగం వచ్చినవారి శాతాన్ని మొత్తం తరగతి మీద లెక్కించారా, ఉద్యోగం వెతుకుతున్నట్లు నమోదు చేసుకున్నవారి మీదే లెక్కించారా అన్నది మొదట చూడాలి. తర్వాత సంస్థల పేర్ల పక్కన హోదాలను చూడాలి. ఒక పెద్ద బ్యాంకు పేరు కనబడినంత మాత్రాన అది ట్రేడింగ్ డెస్క్ ఉద్యోగం కావాలని లేదు, ఆపరేషన్స్ విభాగం కూడా కావచ్చు. నివేదికే ప్రచురించని కోర్సుకు దరఖాస్తు రుసుము కూడా చెల్లించవద్దని నా సలహా. చివరగా, గత రెండేళ్లలో చదువు ముగించిన భారతీయ విద్యార్థులను లింక్డ్‌ఇన్‌లో వెతికి, వారిలో ఎందరు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారో స్వయంగా రాసుకోండి. ఒక సాయంత్రం పట్టే ఈ పని ఏ ర్యాంకుల పట్టికా చెప్పలేని సంగతి చెబుతుంది.

యూరప్ చవక అంటున్నారు. నిజమేనా?

ఫీజు విషయంలో చాలాచోట్ల నిజమే. జ్యూరిక్‌లోని ఈటీహెచ్, లోజాన్‌లోని ఈపీఎఫ్‌ఎల్ 2025 శరదృతువు నుంచి కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థుల ఫీజును సెమిస్టరుకు 730 ఫ్రాంకుల నుంచి 2,190 ఫ్రాంకులకు పెంచాయి. మూడు రెట్లు పెరిగినా అది అమెరికా ఫీజులో చిన్న భాగమే. అయితే స్విట్జర్లాండ్‌లో అద్దె, భోజనం ఖర్చు చాలా ఎక్కువ, చదువు ముగిశాక యూరోపియన్ యూనియన్ వెలుపలి వారికి ఉద్యోగ అనుమతి దొరకడం కష్టం. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ కోర్సులు ఏడాది లోపు లేదా ఏడాదిలో ముగుస్తాయి. ఫీజు తక్కువ కాదు గానీ, ఒక ఏడాది జీవన వ్యయం మిగులుతుంది. పారిస్‌లో గణితవేత్త నికోల్ ఎల్ కరుయీ గారి పేరుతో ప్రసిద్ధమైన మాస్టర్స్ కోర్సు ప్రపంచవ్యాప్తంగా బ్యాంకు క్వాంట్లను తయారుచేసింది. గణితం అక్కడ చాలా లోతుగా ఉంటుంది, ఫ్రెంచి రాకుండా నెగ్గుకురావడం కష్టం.

అరవై లక్షలు అప్పు చేసి వెళ్లడం సబబేనా?

లెక్క వేసి చూద్దాం. అరవై లక్షల అప్పును 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలవారీ కిస్తు సుమారు 82,650 రూపాయలు. చదువుకునే రెండేళ్లూ వడ్డీ కట్టకుండా వదిలేస్తే, సొమ్మంతా మొదటి రోజే తీసుకున్నారనుకుంటే, సాధారణ వడ్డీయే 13 లక్షల 20 వేలు పెరిగి అసలు 73 లక్షల 20 వేలవుతుంది. అప్పుడు కిస్తు లక్ష రూపాయలు దాటుతుంది. అమెరికాలో ఉద్యోగం దొరికితే ఈ మొత్తం భారమనిపించదు. దొరకకుండా హైదరాబాద్ తిరిగివచ్చి రిస్క్ విశ్లేషకుడిగా చేరితే, జీతంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

కాబట్టి అప్పు పత్రం మీద నాన్నగారు సంతకం చేసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఉద్యోగం ఇండియాలోనే వచ్చినా ఈ కిస్తు కట్టగలమా? కట్టలేమంటే, చవకైన కోర్సుకు వెళ్లడమో, రెండేళ్లు ఉద్యోగం చేసి పొదుపుతో వెళ్లడమో మేలు. ఇల్లు తాకట్టు పెట్టవలసిన అప్పు అయితే, పేరున్న తొలి వరుస కోర్సుల్లో సీటు వచ్చినప్పుడు తప్ప వద్దనే చెబుతాను.

కన్సల్టెన్సీ వాళ్లు సీటు గ్యారంటీ అంటున్న యూనివర్సిటీకి వెళ్లవచ్చా?

సీటు గ్యారంటీగా వచ్చే కోర్సుకు ఉద్యోగం ఇచ్చే సంస్థలు రావు. ఈ రంగంలో కోర్సుకున్న విలువలో సగం, దానిలో చేరడం ఎంత కష్టమన్నదే. కన్సల్టెన్సీకి విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ అందుతోందా అని సూటిగా అడగండి. అడగడం మీ హక్కు.

పీహెచ్‌డీ తప్పనిసరా?

అన్ని పనులకూ కాదు. ట్రేడర్, డెవలపర్ ఉద్యోగాలకు బీటెక్, బీఎస్సీ చాలు. హెడ్జ్ ఫండ్ పరిశోధనలో మాత్రం పీహెచ్‌డీలకు గట్టి ప్రాధాన్యం ఉంది, అది గణితం ఎక్కువగా వాడే ఏ సబ్జెక్టులోనైనా ఫరవాలేదు. గణిత శాస్త్రవేత్త జిమ్ సైమన్స్ స్థాపించిన రినైసెన్స్ టెక్నాలజీస్ ఫైనాన్స్ చదివినవారిని కాకుండా గణితజ్ఞులను, భౌతిక శాస్త్రవేత్తలను, ఐబీఎంలో వాక్ గుర్తింపు మీద పనిచేసినవారిని తీసుకుంది. అమెరికాలో గణితం, గణాంక శాస్త్రాల్లో పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు గనుక అప్పు సమస్య లేదు. అయితే అయిదారేళ్ల ప్రయాణం అది. సమస్య మీద ప్రేమ లేకుండా ఉద్యోగం కోసమే చేరినవారు మధ్యలో అలసిపోతారు.

ఇండియాలోనే పీజీ చేస్తే విలువ ఉంటుందా?

ఉంటుంది, ముఖ్యంగా మన దేశంలోనే పనిచేయదలచుకుంటే. ఐఎస్‌ఐలో ఎం.స్టాట్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఎం.ఎస్. కోర్సులకు బ్యాంకులు, ట్రేడింగ్ సంస్థలు వస్తాయి. ఐఐఎం కలకత్తా, ఐఎస్‌ఐ, ఐఐటీ ఖరగ్‌పూర్ కలిసి 2015 నుంచి నడుపుతున్న బిజినెస్ అనలిటిక్స్ డిప్లొమా రిస్క్, డేటా ఉద్యోగాలకు దారి వేస్తుంది. మన ఊరి దగ్గరే కావాలనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గణితం, గణాంక శాస్త్రాల ఎమ్మెస్సీలు ఉన్నాయి. ఫీజు స్వల్పం, అధ్యాపకులు మంచివారు. ప్రాప్ సంస్థలు క్యాంపస్‌కు వరుసకట్టి వస్తాయని మాత్రం ఆశించవద్దు, ఉద్యోగం మీరే వెతుక్కోవాలి.

## చదువుతున్న కాలంలో

ఏ గణితం, ఎంత లోతుగా నేర్చుకోవాలి?

సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, గణాంక శాస్త్రం మూడింటినీ ఎవరూ తప్పించుకోలేరు. బ్యాంకు డెరివేటివ్స్ డెస్క్ వైపు వెళ్లేవారికి యాదృచ్ఛికంగా కదిలే ధరలకు వాడే ఇటో కాలిక్యులస్, పాక్షిక అవకలన సమీకరణాలు అదనంగా కావాలి. హెడ్జ్ ఫండ్ల వైపు వెళ్లేవారికి వాటికంటే గణాంక శాస్త్రమే ముఖ్యం, అయినా విద్యార్థులు దానిని తేలికగా తీసుకుంటారు.

ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. ఒక షేరు సగటున ఏడాదికి 10 శాతం పెరుగుతుందని, దాని ఒడుదుడుకు ఏడాదికి 20 శాతం అని అనుకోండి. మీ దగ్గర 16 ఏళ్ల ధరలు ఉన్నాయి. సగటు పెరుగుదల అంచనాలో ప్రామాణిక దోషం, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, 20ని 16 వర్గమూలంతో భాగిస్తే వచ్చేది, అంటే 5 శాతం. కాబట్టి రెండు ప్రామాణిక దోషాల దూరం వరకు చూస్తే, నిజమైన సగటు సున్నాకూ 20 శాతానికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రోజువారీ ధరలకు బదులు నిమిషం నిమిషం ధరలు తీసుకుంటే ఒడుదుడుకు అంచనా మెరుగుపడుతుంది గానీ సగటు అంచనా ఏమాత్రం మెరుగుపడదు. దానికి ఎక్కువ ఏళ్లు కావాలి. రెండేళ్ల డేటా మీద బ్యాక్‌టెస్ట్ చేసి, అంటే తన వ్యూహాన్ని పాత ధరల మీద పరీక్షించి, అద్భుతమైన లాభం చూపే విద్యార్థి ప్రాజెక్టును ఇంటర్వ్యూ చేసేవారు ఎందుకు నమ్మరో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి?

పరిశోధన, డేటా పనికి పైథాన్. వేగం ముఖ్యమైన ట్రేడింగ్ వ్యవస్థలకు, బ్యాంకుల ధర నిర్ణయ లైబ్రరీలకు సీ ప్లస్ ప్లస్. జేన్ స్ట్రీట్ ఓకామల్ వాడుతుంది, కానీ అది ముందే వచ్చి ఉండాలని అడగదు. ఒక భాషలో గట్టిపడిన తర్వాతే రెండోదానికి వెళ్లండి.

ఇంటర్వ్యూల్లో ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు?

ఒక పాత ప్రశ్న చూడండి. నాణేన్ని వరుసగా ఎగరవేస్తున్నారు. వెంటవెంటనే రెండు బొమ్మలు పడేదాకా సగటున ఎన్నిసార్లు ఎగరవేయాలి? బొమ్మ పడిన వెంటనే బొరుసు పడేదాకా ఎన్నిసార్లు? చాలామంది రెండూ సమానమే అంటారు. మొదటిదానికి జవాబు 6, రెండోదానికి 4.

మొదటిదానిని ఇలా సాధిస్తారు. మొదటి నుంచి కావలసిన సగటును ఇ అనుకుందాం, ఒక బొమ్మ ఇప్పటికే పడి ఉన్నప్పుడు కావలసినదాన్ని అ అనుకుందాం. ఒకసారి ఎగరవేస్తే సగం అవకాశంతో అ స్థితికి వెళతాం, సగం అవకాశంతో మొదటికే వస్తాం. దీని నుంచి ఇ = 2 + అ అని తేలుతుంది. అ స్థితిలో ఎగరవేస్తే సగం అవకాశంతో పని ముగుస్తుంది, సగం అవకాశంతో మళ్లీ మొదటికి వస్తాం, అంటే అ = 1 + ఇ/2. రెండూ కలిపితే ఇ = 6. రెండో ప్రశ్నలో తేడా ఏమిటంటే, బొమ్మ పడ్డాక బొరుసు రాకపోతే మళ్లీ బొమ్మే వస్తుంది. అంటే సాధించిన మెట్టు చేజారదు. అందువల్ల అ = 2, ఇ = 4.

జవాబు కంఠతా వచ్చినవారికి తర్వాతి ప్రశ్న వెంటనే మారుస్తారు: మూడు బొమ్మలైతే? నాణెం పక్షపాతం కలదైతే? ఎదుటివారు వినాలనుకునేది మీ ఆలోచన సాగే తీరును. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఇంగ్లీషు తడబడుతుందని భయపడతారు. వ్యాకరణం గురించి బెంగపడవద్దు. ప్రతి మెట్టునూ పైకి చెబుతూ సాధించడాన్ని ఒక స్నేహితుడి ఎదుట సాధన చేయండి, అది చాలు.

రెండేళ్లుగా నిఫ్టీ ఆప్షన్లు ట్రేడ్ చేస్తున్నాను. దీనిని అనుభవంగా చూపవచ్చా?

లాభం స్క్రీన్‌షాట్‌ను అనుభవంగా ఎవరూ లెక్కించరు. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ నష్టానికి అవతలి వైపున ఉన్నవారిలో మీరు ఉద్యోగం కోరుతున్న సంస్థల వంటివి కూడా ఉన్నాయి. చూపదలచుకుంటే, ఒక ఊహను ఎలా రాసుకున్నారో, బ్రోకరేజి, పన్నులు, ధర జారుడు (అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడా) కలిపాక అది ఎందుకు విఫలమైందో వివరించే నాలుగు పేజీల నివేదిక చూపండి. నిజాయతీగా రాసిన వైఫల్యానికి గౌరవం దక్కుతుంది. దయచేసి చదువు అప్పు సొమ్ముతో మాత్రం ట్రేడింగ్ చేయవద్దు.

ఇంటర్న్‌షిప్‌లకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

మీరు అనుకునేదానికంటే చాలా ముందు. అమెరికా, బ్రిటన్‌లలో వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు అంతకుముందు ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు లోపే, కొన్ని సంస్థల్లో ఇంకా ముందే, దరఖాస్తులు తీసుకుంటారు. ఆగస్టులో విమానం దిగిన విద్యార్థికి సెప్టెంబరులోనే ఇంటర్వ్యూలు ఉంటాయి. కాబట్టి సంభావ్యత సాధన, రెజ్యూమె రెండూ ఇండియాలో ఉండగానే పూర్తి కావాలి. అక్కడికి వెళ్లి నేర్చుకుందామనుకునేవారు మొదటి సంవత్సరం అవకాశాన్ని కోల్పోతారు.

## మొదటి ఉద్యోగం

హైదరాబాద్‌లోనే ఉండి ఈ పని చేయగలమా?

చేయగలరు. డీఈ షా 1996లోనే హైదరాబాద్‌లో కార్యాలయం తెరిచింది. గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, యూబీఎస్ వంటి సంస్థలకూ ఇక్కడ పెద్ద కేంద్రాలు ఉన్నాయి. ఈ కేంద్రాల్లో రిస్క్ మోడలింగ్, వాలిడేషన్, డేటా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎక్కువ, ట్రేడింగ్ నిర్ణయం తీసుకునే ఉద్యోగాలు తక్కువ. అలాంటి ఉద్యోగమే కావాలంటే గురుగ్రామ్‌లోని టవర్ రీసెర్చ్, గ్రావిటాన్, క్వాడ్‌ఐ, ముంబయిలోని ఆల్ఫాగ్రెప్, వరల్డ్‌క్వాంట్ వంటి సంస్థల వైపు చూడాలి. ఆఫర్ లేఖలో క్వాంట్ అన్న పదం ఉందా అని కాకుండా, మీరు రాసిన మోడల్‌ను ఎవరు వాడతారు, మీ పై అధికారి ఏ నగరంలో కూర్చుంటారు అని అడగండి.

మోడల్ వాలిడేషన్‌లో చేరితే అక్కడే చిక్కుకుపోతామా?

2011లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులకు ఇచ్చిన మార్గదర్శకంలో, మోడల్‌ను తయారుచేసినవారితో సంబంధం లేనివారు దానిని పరీక్షించాలన్నది కీలకమైన నియమం. ఆ పనిలో గణనీయమైన భాగం మన నగరాలకు వచ్చింది. చిన్నచూపు చూడవలసిన పని కాదది. ఏడాదిలో పదిరకాల మోడళ్లను లోపలి నుంచి చూసే అవకాశం కొత్తవారికి మరెక్కడా దొరకదు. చిక్కుకుపోయేది, నివేదిక మూసను నింపడంతో సరిపెట్టుకునేవారే. పరీక్షించే ప్రతి మోడల్‌ను మీరే మొదటి నుంచి పైథాన్‌లో రాసి సరిపోల్చితే, రెండు మూడేళ్లలో మోడల్ తయారుచేసే బృందాలకు మారే అర్హత వస్తుంది. ఆలస్యం చేసినకొద్దీ మారడం కష్టమవుతుందన్నది కూడా నిజం.

వీసా పరిస్థితి చూస్తే భయమేస్తోంది. ఏ దేశం నయం?

అమెరికాలో చదువు ముగిశాక 12 నెలలు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వర్గంలో ఉంటే మరో 24 నెలలు పనిచేయవచ్చు. వ్యాపార పాఠశాలల్లోని కొన్ని ఫైనాన్స్ కోర్సులు ఆ వర్గంలోకి రావు గనుక, చేరకముందే కోర్సు వర్గీకరణ సంఖ్యను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత హెచ్‌–1బీ కావాలి. ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 అన్న పరిమితి ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై ప్రకటించిన లక్ష డాలర్ల రుసుముతో చిక్కు పెరిగింది. బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసా మాస్టర్స్ వారికి రెండేళ్లు ఉండగా, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు తగ్గించాలని నిర్ణయించారు. నెదర్లాండ్స్‌లో చదివినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది అనుమతి ఉంది.

పెద్ద సంస్థలకు అనేక నగరాల్లో కార్యాలయాలు ఉండటం ఇక్కడ కలిసివచ్చే విషయం. అమెరికాలో హెచ్‌–1బీ లాటరీలో ఎంపిక కాని ఉద్యోగిని లండన్‌కో, సింగపూర్‌కో మార్చి పనిలో కొనసాగించే సంస్థలు ఉన్నాయి. ఆఫర్ చేతిలో పెట్టుకుని చర్చించేటప్పుడు ఆ ఏర్పాటు గురించి అడగడానికి సంకోచించవద్దు.

రెండు ఆఫర్లు ఉన్నాయి. ఎక్కువ జీతమా, మంచి బృందమా?

మొదటి ఉద్యోగంలో మీ కోడ్‌ను రోజూ చదివి తప్పులు చూపే సీనియర్ ఉన్న చోటును ఎంచుకోండి. జీతాల తేడా రెండింతలుంటే, ఇంటి మీద అప్పు ఉంటే, జీతాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఏది ఎంచుకున్నా ఒప్పందంలో పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఎన్ని నెలలో, ఆ కాలానికి జీతం ఇస్తారో లేదో, చేరినప్పుడు ఇచ్చే బోనస్‌ను ఏ పరిస్థితిలో తిరిగి కట్టాలో చదివాకే సంతకం చేయండి.

సాఫ్ట్‌వేర్‌లో అయిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు మారడం ఆలస్యమైందా?

పరిశోధకుడిగా మారాలంటే మళ్లీ చదువు తప్పకపోవచ్చు. క్వాంట్ డెవలపర్‌గా మారడానికి మాత్రం మీ అయిదేళ్లూ పెట్టుబడే. ట్రేడింగ్ సంస్థలకు నెట్‌వర్క్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన ఇంజినీర్లు ఎప్పుడూ కావాలి. వెబ్ సేవలు, జావా మీద పనిచేసినవారు ఆరు నెలలు సీ ప్లస్ ప్లస్ మీద కూర్చోవలసి ఉంటుంది. సాధనకు ఒక ఆర్డర్ బుక్, అంటే కొనే, అమ్మే ఆర్డర్లను నమోదు చేసి జత కలిపే ప్రోగ్రామ్, రాయండి. కొత్త ఆర్డరు రావడం, రద్దు కావడం, ధర, సమయం వరుసలో జత కుదరడం, ఈ మూడూ అందులో పనిచేయాలి. తర్వాత పది లక్షల ఆర్డర్లు పంపి ఒక్కోదానికి పట్టిన కాలాన్ని కొలవండి. సగటుతో ఆగకుండా అతి నెమ్మదిగా సాగిన ఒక శాతం ఆర్డర్లను విడిగా తీసి, అవి ఎందుకు ఆలస్యమయ్యాయో వెతకండి. ఇంటర్వ్యూలో సంభాషణ చాలావరకు ఆ ఒక్క శాతం మీదే నడుస్తుంది.